చిల్లగింజ

శ్రీ గురుభ్యో నమః



ఉదయము మొదలు రాత్రి వరకు అంగడిలో కూర్చుండు గృహస్థుడు ఆత్మవిచారమునకు అర్హుడగునా యని కొందరు సాధకులు నన్ను ప్రశ్నించుచుందురు. శాస్త్రము దీనికి ఏనాడో సమాధానము చెప్పినది. మహాభారతము అరణ్యపర్వములోని ధర్మవ్యాధుని కథ మీరెరిగినదే. మిథిలానగరమున మాంసము విక్రయించుకొను వ్యాధుని యంగడి ముందు, వేదాధ్యయనపరుడైన కౌశికుడు శిష్యుడై నిలువవలసి వచ్చినది. ఈ కథను నేను సత్సంగములలో అనేక పర్యాయములు చెప్పితిని. అట్టి అంగడి ఒకటి మా యింటనే కలదని గ్రహించుటకు మాత్రము నాకు చాలా కాలము పట్టినది.

మాది ఆత్మకూరు. నాడు కర్నూలు జిల్లాలో నుండెడిది, నేడు నంద్యాల జిల్లాలో నున్నది. నల్లమల యడవికి ముంగిలి వంటి ఊరు. శ్రీశైలమునకు కాలినడకన వెళ్లు భక్తులు మా యూరి మీదుగా వెంకటాపురము చేరి, అచ్చటినుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారము మార్గమున మల్లన్న సన్నిధికి ఎక్కుదురు. శివరాత్రికి తెలుగువారు, ఉగాదికి కన్నడ దేశమువారు బారులు తీరి నడచుచుందురు. ఆ యాత్రికులు సాగు వీథిలోనే మా తండ్రిగారి మందులంగడి యుండెడిది.

నాన్నగారు ఫార్మసీ డిప్లొమా చదివిన మనిషి. ఆ రోజులలో మందులన్నియు పేటికలలో రావు. వైద్యుడు చీటిలో పాళ్లు వ్రాసి పంపగా, నాన్నగారు తక్కెడలో తూచి, కల్వములో నూరి, నీటిలో కలిపి సీసాలకు పోసెడివారు. చదువురానివారికి మోతాదు తెలియుటకై కాగితపు పట్టీని అంచున గంట్లు గంట్లుగా కత్తిరించి సీసాకు అంటించెడివారు. ఒక గంటు ఉదయమునకు, ఒక గంటు సాయంకాలమునకు. ఆ పట్టీలను కత్తిరించు పని బాల్యమున నాది. గంట్లు సమముగా లేకున్న దానిని చించివేసి, కోపపడక, మరియొక కాగితము నా చేతికి ఇచ్చెడివారు.

యాత్రాకాలమున అంగడి ముందు ఒక బల్ల వేయించెడివారు. లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండును తలకొట్టిన చెంచాలతోనే, కలిపి కుండలలో నుంచుట మా అమ్మగారి పని. అరికాళ్లు బొబ్బలెక్కిన వారిని కూర్చుండబెట్టి, కడిగి, కట్టు కట్టుట నాన్నగారి పని. దానికి రుసుము లేదు. ఇది సేవ యని ఆయన ఎన్నడును అనలేదు. "ఈ కాళ్లతో ముందుకు పోలేరు గదా" అని మాత్రమే అనెడివారు.

మా నాయనమ్మకు పక్షవాతము సోకి కుడి భాగము పడిపోయినది. తొమ్మిది సంవత్సరములు ఆమె మంచమునకే పరిమితమయ్యెను. పగలు రెండు గంటల కొక పర్యాయము నాన్నగారు అంగడిని పనివానికి అప్పగించి, వెనుకనున్న యింటికి వచ్చి ఆమెను ప్రక్కకు త్రిప్పి వెళ్లెడివారు. రాత్రివేళ ఆ వంతు మా అమ్మగారిది. ఆ తొమ్మిదేండ్లలో నాయనమ్మ వీపున ఒక్క పుండు పడలేదు. బంధువులు దానిని దైవకృప యనిరి. దైవకృప రెండు గంటల కొకసారి చెప్పులు విడిచి లోనికి వచ్చుట నేను చూచితిని.

ఆయనకు సినిమాలు లేవు, పేకాట లేదు. ఆదివారము మధ్యాహ్నము అంగడి మూసి, భుజమున గుడ్డసంచి తగిలించుకొని, అడవి అంచునకు నడచుటయే ఆయన యెరిగిన వినోదము. 1983లో ఆ యడవి పులుల సంరక్షణ పథకము క్రిందకు వచ్చిన పిమ్మట, యాత్రికుల దారిని, ఊరి పొలిమేరను దాటి ఆయన లోనికి అడుగు పెట్టలేదు. ఉన్నంతలోనే నాకు చెట్లను పరిచయము చేసెడివారు. బంక కారు తపసి, ఎఱ్ఱని జిగురు స్రవించు ఏగిస, మారేడు, తునికి, రేల. ఒకనాడు బిళ్లల వలె చదునుగా, బూడిదరంగున పట్టు వలె మెరయుచున్న ముష్టి గింజను అరచేత నుంచి, "ఇది ప్రాణం తీస్తుంది. దీని వంశంలోనే నీళ్లను తేర్చే చెట్టు ఇంకొకటి ఉంది, ఎప్పుడైనా చూపిస్తాను" అనిరి. నేను మరల అడుగలేదు. ఆయనయు చూపలేదు.

ఇంతవరకు చెప్పినది ఒక సజ్జనుని దినచర్య. ఇక చెప్పబోవునది ఆయన చేసిన తప్పును గూర్చి.

1986 శ్రావణమాసము. నాకు పన్నెండేండ్లు. రాత్రి అంగడి కట్టిన పిదప నాన్నగారు ప్రతిదినము ఒక పని చేసెడివారు. ఆనాడు వచ్చిన చీటీల వివరములను పుస్తకములో నుండి చదువుచు, అరలలోని మందుల లెక్కతో పోల్చి చూచెడివారు. ఆ రాత్రి లెక్క కుదరలేదు. మరల లెక్కించిరి. ఆయన ముఖము పాలిపోయెను.

క్లోర్‌ప్రోమజీన్ అను మందు మనోవ్యాధికి ఇచ్చునది. క్లోర్‌ప్రోపమైడ్ అను మందు మధుమేహమునకు ఇచ్చునది. పేర్లు కవలల వంటివి. అక్షరక్రమమున అమర్చిన అరలో రెండు డబ్బాలును ప్రక్కప్రక్కనే యుండెను. ఆ మధ్యాహ్నము అడవి అంచు పల్లె నుండి ఒక తల్లి, చిత్తస్థిమితము తప్పిన కుమారుని కొరకు, కర్నూలులో వ్రాయించుకొన్న చీటిని తెచ్చినది. మొదటి మందు ఈయవలసిన చోట నాన్నగారి చేయి రెండవ డబ్బాపై పడినది. మధుమేహము లేని దేహమున ఆ బిళ్ల రక్తములోని చక్కెరను పడగొట్టును. అంతకంటె భయంకరమైన విషయమేమనగా, దాని ప్రభావము గంటలలో తీరదు. ఒక దినము దాటియు నిలువగలదు.

ఆ సమయమున మా పెదనాన్నగారు ఇంటనే యున్నారు. లోకానుభవము గలవారు. ఆయన మెల్లగా ఇట్లనిరి. "పొద్దున్నే పోయి, కంపెనీ వాళ్లు బిళ్లలు మార్చినారు, ఇవి ఇంకా మంచివి అని చెప్పి, పాతవి తీసుకొని రారా. ఊరంతా తెలిసేటట్లు ఎందుకు? ఆడపిల్ల పెళ్లి పెట్టుకొని ఉన్నావు."

నాన్నగారు సైకిలును బయటకు తీయుచునే యుత్తరమిచ్చిరి. "ఆ బిడ్డకు రేపు మళ్లీ చెమటలు పడితే, ఎందుకు పడినాయో తల్లికి తెలియవద్దా అన్నా?"

ఆయన ధర్మశాస్త్రమును ఉదాహరింపలేదు. సత్యమును కూడ ఆయన మందు వలెనే చూచిరి. రోగికి అది అవసరము. ఆలస్యమైన పనికిరాదు.

సైకిలు దీపము పనిచేయలేదు. టార్చిలైటు పట్టుకొనుటకై నన్ను వెనుక కూర్చుండబెట్టుకొనిరి. అమ్మగారు బెల్లపుముద్దను, గ్లూకోజు పొట్లమును సంచిలో నుంచిరి. సన్నని తుంపర పడుచుండెను. బురదలో రెండు పర్యాయములు దిగి నడచితిమి. ఆ పల్లె చేరుసరికి గుడిసె ముందు నలుగురు గుమిగూడి యుండిరి. పిల్లవాడు చెమటతో తడిసి, వణకుచు, మాట తడబడి పడియుండెను. గాలి సోకినదని వేపమండలు తెచ్చుచుండిరి. పొద్దు క్రుంకు వేళకు ఒకే బిళ్ల మ్రింగియుండెను.

నాన్నగారు ముందుగా వాడు మ్రింగగలడని నిశ్చయించుకొని, గ్లూకోజు నీటిని కొంచెము కొంచెముగా త్రాగించిరి. కొంతసేపటికి వణకు తగ్గినది. వాడు తల్లిని పేరుపెట్టి పిలిచెను. అందరును ఊపిరి పీల్చుకొనిరి. అప్పుడాయన లేచి, ఆ తల్లి ముందు చేతులు జోడించి నిలిచిరి.

"అమ్మా, ఇది గాలి కాదు. నేను ఒక మందుకు బదులు ఇంకో మందు ఇచ్చినాను. తప్పు నాది. తెల్లవారిందాకా ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. నేను ఇక్కడే ఉంటాను."

ఆమె చాలాసేపు మాటాడలేదు. పిమ్మట, "నువ్వు రాకపోతే మాకు తెలిసేదే కాదు గదా సామీ" అనినది.

"అందుకే వచ్చినానమ్మా."

ఆ రాత్రి గంట గంటకు ఆ పిల్లవానిని లేపి, బెల్లపు నీరు, గంజి త్రాగించుచు ఆయన కూర్చుండిరి. నేను ఒక మూల నిద్రపోతిని. తెల్లవారిన వెంటనే ఎద్దులబండి కట్టించి వానిని ఊరిలోని వైద్యుని వద్దకు చేర్చిరి. జరిగినది జరిగినట్లు ఆయనకును చెప్పిరి. సెలైను ద్వారా గ్లూకోజు ఎక్కించుచు మరునాటి వరకు వానిని అచ్చటనే యుంచిరి. బాలుడు బ్రతికెను.

ఊరిలో మాట వ్యాపించినది. కొన్ని మాసములు అంగడికి వచ్చువారు తగ్గిరి. ఎన్నడును లేనిది, మా యక్క వివాహము ఒక సంవత్సరము వెనుకకు పోయినది. ఆ డబ్బాలు రెండును మాత్రము మరల ప్రక్కప్రక్కన కనబడలేదు. ఒకటి పై అరకు, ఒకటి క్రింది అరకు చేరినవి. క్రిందిదాని మెడకు ఒక ఎఱ్ఱని దారము కట్టబడియుండెను.

ఇక నా కథ. ఇరువది యేండ్లకే నేను వేదాంతాధ్యయనమునకై ఇల్లు విడిచితిని. మూడు సంవత్సరములు ఒక ఆశ్రమమున ప్రకరణగ్రంథములను పఠించితిని. 1997 ఉగాదికి ఇంటికి వచ్చునప్పటికి నా నోట దృష్టాంతములు, లక్షణములు ధారాళముగా వెలువడుచుండెను. ఆత్మ అకర్త, అభోక్త, అసంగము. ఇవి నాకు కంఠస్థములు. నాన్నగారిని చూచినప్పుడు నాకు జాలి కలిగినది. యాబదియేండ్లు దాటినవి, జపము లేదు, శ్రవణము లేదు, అంగడియే లోకమని తలంచితిని. ఈ తలంపును వ్రాయుటకు నేడు సిగ్గుపడుచున్నాను. అయినను వ్రాయక తప్పదు.

ఆ యేడు కన్నడ యాత్రికులతో కలిసి నాగలూటి వరకు నడచి వత్తమని ఆయన పిలిచిరి. దారిలో ఆ పల్లె ప్రస్తావన వచ్చినది. ఆ రాత్రిని ఆయన ఇంకను మరువలేదని మాటలలో తెలిసినది. నాకు బోధించుటకు అవకాశము దొరకినది.

"నాన్నా, చేసేది ప్రకృతి. ఆత్మకు కర్తృత్వం లేదు. పదకొండేండ్ల కిందటి తప్పును ఇంకా నాది అని మోయడం అజ్ఞానమే కదా?"

ఆయన నడక ఆపలేదు. కొంత దూరము పోయిన పిదప అనిరి. "ఆ మాట మంచిపని చేసినప్పుడు అనుకో నాయనా. తప్పు చేసినప్పుడు అనుకుంటే అది వేదాంతం కాదు, తప్పించుకోవడం."

నాగలూటి వద్ద యాత్రికుల గుంపు ఒకటి విడిసియుండెను. వారి కుండలోని నీరు ఎఱ్ఱమట్టితో కలగియుండెను. నాన్నగారు సంచిలో నుండి గుండ్రని, లేత గోధుమవన్నె గింజలు రెండు మూడు తీసిరి. ఒక ఖాళీ కుండను తడిపి, లోపలి గోడకు ఆ గింజను గంధము వలె అరగదీసిరి. పిమ్మట ఆ కలకనీటిని అందులో పోసి, మూత పెట్టి, ఒక ప్రక్కన నుంచిరి.

"ఏం గింజ నాన్నా ఇది?"

"చిల్లగింజ. చిన్నప్పుడు చూపిస్తానన్నాను, చూపనే లేదు. మీ సంస్కృతంలో ఏమంటారో నీకే తెలియాల."

నాకు తెలియును. కతకము. శంకరభగవత్పాదులదిగా ప్రసిద్ధమైన ఆత్మబోధలో దాని ప్రసక్తి కలదు. కతకచూర్ణము నీటిలోని మాలిన్యమును క్రిందికి దింపి, తానును దానితో పాటే అడుగునకు చేరును. అటులనే జ్ఞానాభ్యాసము జీవుని అజ్ఞానమును తొలగించి తానును లయించును. ఈ దృష్టాంతమును నేను విద్యార్థులకు వివరించి మెప్పు పొందినవాడను. కాని ఆ గింజను నా కన్నులతో ఎన్నడును చూడలేదు. అది మా యూరి యడవిలో, ఇన్నేండ్లు మా తండ్రి భుజముననున్న సంచిలో నుండెను.

గంట దాటిన తరువాత మూత తీసిరి. అడుగున మట్టి, పైన నిర్మలమైన నీరు. గింజ జాడ లేదు. నేను దోసిలి పట్టబోగా నాన్నగారు వారించి, మరియొక పాత్రలోనికి నీటిని వంచి, క్లోరిన్ బిళ్ల వేసిరి.

"ఆగు. మట్టి పోయింది, క్రిములు పోలేదు. తేటగా కనబడేదంతా మంచినీళ్లు కాదు."

ఆయన నీటిని గూర్చియే చెప్పిరి. నేను మాత్రము నన్ను గూర్చి వింటిని. మూడు సంవత్సరముల శాస్త్రశ్రవణముచే నా చిత్తము తేరినట్లు కనబడుచుండెను. తండ్రిపై జాలిపడిన అహంకారము అందు కంటికి కనబడకయే యుండెను.

నాన్నగారు 2011లో గతించిరి. కర్మలు ముగిసిన పిదప అంగడిని సర్దుచుండగా, బల్ల సొరుగున ఒక చిన్న పుస్తకము దొరకినది. మొదటి పుటలో 1986 శ్రావణమాసపు ఆ దినము, రెండు మందుల పేర్లు, ఎఱ్ఱసిరాతో "తప్పు నాది" అను రెండు మాటలు. దాని క్రింద సంవత్సరమునకు ఒక పంక్తి. 1987 మొదలు 2010 వరకు ఇరువదినాలుగు పంక్తులు. ప్రతి పంక్తిలోను తేదీ, దాని ప్రక్కన "చూచి వచ్చినాను, కుశలము." ఒక యేట "పెండ్లి అయినది" అని, మరియొక యేట "తల్లి పోయినది" అని యుండెను.

ఆదివారపు నడకలలో ఒకటి ప్రతి శ్రావణమున ఆ గుడిసె వరకు సాగినదని మా అమ్మగారికి తెలియును. మాకు తెలియదు. ఆ పుస్తకమును మూడు మారులు త్రిప్పి చూచితిని. యాత్రికుల పాదములకు కట్టిన కట్లను గూర్చి అందు ఒక్క పంక్తియైనను లేదు. నాయనమ్మకు చేసిన తొమ్మిదేండ్ల సేవను గూర్చి ఒక అక్షరము లేదు. అప్పు పెట్టి ఇచ్చి అడుగక విడిచిన మందులను గూర్చియు లేదు. ఆయన జీవితమంతటిలో నాది యని వ్రాసికొన్నది ఆ యొక్క తప్పు మాత్రమే.

సాధకులారా, అకర్తృత్వమును మనము తరచు తలక్రిందులుగా అభ్యసించుచున్నాము. మంచి జరిగిన నేను చేసితిననుచున్నాము, చెడు జరిగిన ప్రారబ్ధమనుచున్నాము. కర్మయోగము నడచు దారి ఇది కాదు. పుణ్యమునందు నేను అనుభావమును ముందుగా విడువవలెను. దోషమును నాది యని స్వీకరించి, దానిచే బాధపడిన వానికి చేయవలసినది చేయవలెను. అట్లు చేయగా చేయగా చిత్తము తేరును. తేరిన చిత్తమున ఆత్మ అకర్త యను మాట అనుభవముగా నిలుచును. ముందే ఆ మాటను పట్టుకొన్నచో, అది కలకనీటిపై పెట్టిన మూత మాత్రమే యగును.

ఆ యంగడి ఇప్పుడు లేదు. ఆ ఎఱ్ఱదారమును నేను నా పూజాపీఠమున నుంచుకొంటిని. దాని ప్రక్కన ఒక చిల్లగింజ కలదు. ప్రతిదినము రాత్రి, దీపము కొండెక్కక ముందు, ఆనాటి లెక్క చూచుకొనుటకు ప్రయత్నించుచున్నాను. చాలా దినములు లెక్క కుదరదు. కుదరని నాడు, మరునాడు ఎవరి యింటికి వెళ్లి చేతులు జోడింపవలయునో తెలియుచున్నది.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.